తీసుకోని మూడు కవర్లు

మా వీధిలో పోస్టుమాన్ సైకిల్ బెల్లు రెండు రకాలుగా మోగేది. మామూలు ఉత్తరాలైతే ఒక్కసారి కొట్టి, అరుగు మీద పడేసి పోయేవాడు. సంతకం పెట్టి తీసుకోవాల్సిన రిజిస్టరు కవరు ఉందంటే వీధి మొగదల నుంచే ఆపకుండా కొట్టుకుంటూ వచ్చేవాడు. దాక్కునేవాళ్ళు దాక్కోండని దానర్థం. ఆ బెల్లు వినగానే మగవాళ్ళు పెరటి తలుపు తీసుకుని పెన్న ఇసకలోకి దిగిపోయేవాళ్ళు. ఆడవాళ్ళు వాకిట్లోకొచ్చి నిలబడేవాళ్ళు. జమ్మలమడుగులో మా వీధికి ఇది అలవాటు. ఆ అలవాటే మా ఇంటిని మింగింది.

ఎందుకు దాక్కోవాలంటే, అవి ఫ్యాక్షన్ రోజులు. బస్టాండులో టీ అంగళ్ళు రెండుంటే ఒకటి ఈ పార్టీది, ఒకటి ఆ పార్టీది. మంగలి షాపుకు పార్టీ ఉండేది, మందుల షాపుకు పార్టీ ఉండేది. వకీళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. మా నాయన సైకిలు షాపుకు మాత్రం పార్టీ లేదు. "పంచరు పడిన ట్యూబుకు పార్టీ ఏందప్పా" అని నవ్వేవాడు. రెండు వైపుల సైకిళ్ళూ ఆయన ముందు తలకిందులుగా నిలబడేవి. అది ఆయనకు పెద్ద గొప్ప. ఆ గొప్ప ఒక పొద్దున్నే పోయింది. షాపు ముందర బస్సు దిగుతున్న మనిషిని నలుగురు కలిసి చంపారు. మా నాయన చేతిలో గాలి పంపు పట్టుకుని అంతా ఎదురుగా చూశాడు.

చూశానని చెప్పమని ఒక వైపు వాళ్ళు మా ఇంటికొచ్చారు. చూడలేదని చెప్పమని రెండో వైపు వాళ్ళు వచ్చారు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు. ఇద్దరూ మా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగారు. ఎవరి మాట విన్నా రెండోవాళ్ళు బతకనివ్వరని మాకు అర్థమైంది. సాక్షికి కోర్టు సమన్లు వస్తాయని, అవి తీసుకుంటే పోక తప్పదని ఎవరో చెప్పారు. ఆ రోజు మా నాయన తీర్మానం చేసుకున్నాడు.

"కాగితం చేతికి తీసుకుంటే మనిషి ఉన్నట్టు. తీసుకోకపోతే లేనట్టే. నేను లేను, అంతే" అన్నాడు.

అప్పటి నుంచి ఆయన లేడని చెప్పే పని నాది. ఇంట్లో నేనొక్కదాన్నే బిడ్డని. అప్పటికి ఇరవై దాటాయి. దగ్గరలోని చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతికి టీచరుని. మా తాత నాటి నుంచీ మాది మిషన్ బడి, ఆదివారం చర్చి. అబద్ధం చెప్పకూడదని చిన్నప్పుడు కంఠతా పట్టించారు. కంఠతా పట్టినదాన్ని వాకిట్లో నిలబడి రోజూ మర్చిపోయేదాన్ని.

"పాపా, నాయన ఉండాడా?"

"లేడు మామా."

"యాడికి పోయినాడు?"

"ఏమో మామా, చెప్పి పోలేదు."

"ఎప్పుడొస్తాడో?"

"తెల్దు మామా."

పోస్టుమాన్‌కు అన్నీ తెలుసు. కవరు మీద పెన్సిలుతో ఏదో గీకి సంచిలో పెట్టుకునేవాడు. ఒకసారి వాన పడి వెలిసినప్పుడు, "ఇసకంతా తడిగా ఉంటాది, నాయనకు చెప్పులేసుకొమ్మని చెప్పు పాపా" అని కూడా అన్నాడు. అంత మంచివాడు. మా ప్రాణానికి ఆ మంచితనమే చాలనుకునేవాళ్ళం.

ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది. కవరును ముట్టుకోకూడదు. ముట్టుకుంటే తీసుకున్నట్టేనని పక్కింటి ముసలి జేజి గట్టిగా చెప్పింది. అందుకని నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడేదాన్ని. కవరు వైపు చూసేదాన్ని కూడా కాదు. ఎక్కడి నుంచి వచ్చిందో పైన రాసి ఉంటుంది కదా, ఆ ఒక్క వరుస చదవాలని నాకు ఏనాడూ తోచలేదు. పిల్లలకు చదవడం నేర్పే టీచరమ్మని నేను! నా చదువు మీద మన్ను పొయ్య.

తర్వాత కొన్నేళ్ళకు ఆ హత్య కేసు రాజీ అయింది. రెండు వైపుల వాళ్ళూ ఒక తోటలో కూర్చుని మాంసం తిన్నారని బస్టాండులో చెప్పుకున్నారు. మా అమ్మ మోకాళ్ళ మీద పడి దేవునికి స్తోత్రం చెప్పింది. నాయన మాత్రం నమ్మలేదు. "రాజీ వాండ్లకు. మనకు కాదు. మళ్ళా చెడితే మొదటి కాగితం నాకే వస్తాది" అన్నాడు. ఆయన భయం తప్పని నేను ఇప్పటికీ అనను. ఆ రోజు ఆయన చూసింది నేను చూడలేదు.

ఇల్లు సంగతి చెప్పాలి. నాయన షాపు బాగా నడిచిన రోజుల్లో, మట్టి మిద్దె పడగొట్టి పక్కా ఇల్లు కట్టాడు. ప్రొద్దుటూరులో ఇళ్ళకు అప్పులిచ్చే సొసైటీ ఒకటుంటే, ఇంటినే తాకట్టు పెట్టి దాంట్లో అప్పు తీసుకున్నాడు. కింద పరిచిన నాపరాళ్ళు తానే గని దగ్గరికి పోయి ఒక్కొక్కటీ తట్టి చూసి తెచ్చాడు. వంటింట్లో పొయ్యి ముందర రాయి ఒకటి మూలన చీలింది. మారుస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు, తన కాలికి ఆ చీలిక అలవాటైపోయిందని. హత్య జరిగాక రెండు పార్టీల సైకిళ్ళూ షాపుకు రావడం మానేశాయి. నాయన షాపు మూసి, ఇంటి పెరట్లో చిన్నాచితకా పని చేశాడు. తర్వాత చెయ్యి వణకడం మొదలైంది, అదీ పోయింది. నా జీతం బియ్యానికి సరిపోయేది. సొసైటీకి వాయిదాలు కట్టడం ఆగిపోయింది. అడిగినప్పుడు చూద్దాంలే అనుకున్నాం. ఎవరూ అడగడానికి రాలేదు మరి!

ఎవరూ రాలేదనే మేమనుకున్నాం. రాజీ అయిన తర్వాతి ఏడాది పోస్టుమాన్ మాత్రం మూడుసార్లు బెల్లు ఆపకుండా కొట్టుకుంటూ వచ్చాడు. మొదటిసారి ఊళ్ళో లేడన్నాను. రెండోసారి ఇంట్లో లేడన్నాను. మూడోసారి ఆయన సైకిలు దిగి, చెమట తుడుచుకుని, "పాపా, ఇది పాత కేసుది కాదేమో. ఒకసారి చూడరాదా" అన్నాడు. అయ్యో, ఎంత మెల్లగా అన్నాడో! నాకు ఒళ్ళు మండింది. ఈయన కూడా ఏదో పార్టీ మాటకు లొంగాడనుకున్నాను.

"మేం ఏ కాగితమూ తీసుకోం మామా. తీసుకోనన్నారని రాసుకో" అన్నాను.

ఆయన అలాగే రాసుకుని పోయాడు. ఆ రోజు ఇసకలోంచి తిరిగొచ్చిన నాయన నా తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు నా కొడుకువి" అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను.

కొన్ని నెలల తర్వాత ఒక రోజు మధ్యాహ్నం వీధిలో డప్పు మోగింది. ఏ పార్టీ మీటింగో అనుకుని అమ్మ బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. డప్పు మా వాకిట్లోకొచ్చి ఆగింది. ఇంటి నంబరు, నాయన పేరు గట్టిగా చదివారు. ఫలానా రోజు పదకొండు గంటలకు ఇదే స్థలంలో వేలమని చెప్పి, తలుపుకు కాగితం అతికించి పోయారు. ఈ కాగితాన్ని తీసుకోమని మమ్మల్ని ఎవరూ అడగలేదు. అతికించేశారు, అంతే. వీధంతా మా తలుపు వైపు చూస్తోంది. అమ్మ చేటలో బియ్యం చేటలోనే ఉండిపోయాయి. నాయన పెరట్లోంచి, "ఏంది పాపా, ఏమంటాండారు?" అని అడుగుతున్నాడు.

ఇక సాయం కోసం తిరగడం మొదలైంది. సాయం అంటే మా ఊళ్ళో ఏముంటుంది? వకీలు దగ్గరికి పోవాలంటే ఆయన ఏ వైపువాడో చూసుకుని పోవాలి. పాస్టరయ్యగారు వచ్చి కన్నీళ్ళతో ప్రార్థన చేశారు గాని, ఆయనకు తెలిసింది అదే. కోర్టులో బీదవాళ్ళకు ఊరికే వకీలును ఇస్తారట అని మా బడి హెడ్మాస్టరు ఒక మాటన్నాడు. ఇంటికొచ్చి చెబితే అమ్మ కసిరింది. "ఊరికే ఎవురు చేస్తారే? ఊరికే చేసేవాణ్ణి నమ్మితే రేపు వాడు అడిగేది మనం ఇయ్యలేం" అంది. ఆమె చెప్పింది మా ఊరికి సరిపోయే మాటే. ఆ మాటే పట్టుకుని నేను కోర్టు గేటు దాకా పోయి కూడా వెనక్కి వచ్చేశాను. కోర్టు మా ఇంటి నుంచి పది నిమిషాల నడక.

అప్పుడు వచ్చాడు, పార్టీలో తిరిగే ఒక మనిషి. పేరు చెప్పను, చెబితే ఇప్పటికీ మా అమ్మ సమాధిలో అటు తిరిగి పడుకుంటుంది. తనంతట తనే వచ్చాడు, అరుగు మీద కూర్చున్నాడు, నాయన చెయ్యి పట్టుకున్నాడు.

"మామా, నువ్వు మాకు ఏ చెడుపూ చెయ్యలేదు. నీ ఇల్లు పోతాంటే చూస్తా ఉంటామా? ఒక్క దుడ్డు వద్దు. వేలం నాడు ఎవురూ పాట పాడకుండా నేను చూస్తా. పాడేవాడు లేకపోతే వాండ్లే కాగితాలు మూట కట్టుకోని పోతారు."

"నీ కడుపు సల్లగుండ నాయనా" అని అమ్మ ఏడ్చింది. మళ్ళీ మజ్జిగే ఇచ్చింది.

ఈ మాట మాకు బాగా అర్థమైంది, అందుకే నమ్మాం. ఎవరో తెలియని కోర్టు వకీలు చెప్పే చట్టం కన్నా, ఊరి నోరు మూయించగల మనిషి మాట మాకు గట్టిదనిపించింది. అన్నేళ్ళూ అలాగే బతికాం కదా. నాకైతే నెత్తిన పాలు పోసినట్టయింది. బడికి పోయి పిల్లలకు లెక్కలు కూడా చెప్పాను.

వేలం రోజు ప్రొద్దుటూరు నుంచి సొసైటీ ఆఫీసరు వచ్చాడు. కూర్చోవడానికి కుర్చీ మా ఇంట్లోదే ఇచ్చాం. నీళ్ళు అమ్మ ఇచ్చింది. ఎదురు అరుగుల మీద జనం నిండిపోయారు. ఆఫీసరు మొదటి ధర చెప్పాడు. ఎవరూ నోరు తెరవలేదు. మళ్ళీ చెప్పాడు. పార్టీ మనిషి గోడకు ఆనుకుని మీసం సర్దుకుంటున్నాడు. నాయన మొహంలోకి రక్తం తిరిగి రావడం నేను చూశాను. మూడోసారి చెప్పబోతుండగా వెనక నుంచి ఒక గొంతు, చెప్పిన ధరకు ఇంత అని చిల్లర కలిపి పాట పాడింది. అతను పార్టీ మనిషి బావమరిది. ఇంకెవరు పాడతారు? పాడవద్దని అందరికీ ముందే చెప్పి ఉన్నాడు కదా. ఇల్లు ఆ ఒక్క పాటకే పోయింది.

జనం కదిలిపోయాక ఆ మనిషి సిగ్గు లేకుండా అరుగు దగ్గరికొచ్చాడు. "బయటోళ్ళ పాలు కాకుండా కాపాడినా మామా. మీరు యాడికీ పోబల్లేదు. ఈడే బాడిగకుండొచ్చు" అన్నాడు. మా అమ్మ నోట్లోంచి ఒక్క చెడ్డమాట నేను ఏనాడూ వినలేదు. ఆ రోజు వాడి కాళ్ళ ముందర థూ అని ఉమ్మింది.

పులివెందులలో మా చిన్నమ్మ అంగన్‌వాడీ టీచరుగా ఉండేది. ఎస్టీడీ బూతులోంచి ఫోను చేసి ఏడిస్తే, ఆమె నన్ను తిట్టింది. "ఏడ్చేది ఆపి బస్సెక్కు. ఈడ కోర్టులో ఒకామె ఉండాది, లాయరమ్మ. బీదోళ్ళ తావ పైసా తీసుకోదు. ఈ జిల్లా మనిషే కాదు, ఏ పార్టీ లేదు" అంది. ఆ చివరి మాట మీద నేను ముద్దనూరు బస్సెక్కి పులివెందుల పోయాను.

కోర్టు ఆవరణలో మూల గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు ఉచిత న్యాయ సహాయం అని పెయింటుతో రాసిన బోర్డు. ఆమెకు నలభై ఏళ్ళుంటాయి, కోస్తా మాట. నన్ను కూర్చోబెట్టి అంతా విన్నది. మధ్యలో ఒక్కసారే ఆపింది.

"ఇదే ఆఫీసు మీ జమ్మలమడుగు కోర్టులోనూ ఉందిగా. ఇంత దూరం ఎందుకొచ్చారండీ?"

"మా ఊళ్ళో నమ్మేదానికి లేదు మేడం. అంతా ఏదో ఒక పార్టీ."

"ఒక్కసారి పోయి అడిగి చూశారా?"

గేటు దాకా పోయి వెనక్కి వచ్చేశానన్నాను. ఆమె దాన్ని వదిలేసి వేలం సంగతికి వచ్చింది. వేలం అయిన ముప్పై రోజుల్లోపు దాన్ని రద్దు చేయమని అడగవచ్చని చెప్పింది. కట్టాల్సిందంతా ఒక్కసారి కట్టడం ఒక దారి, అది మాతో కాదు. రెండో దారి, వేలానికి ముందు నోటీసు ఇవ్వాల్సిన పద్ధతిలో ఇవ్వకపోయి ఉంటే వేలం నిలవదంది.

"మీకు నోటీసు వచ్చిందా?"

"రాలేదు మేడం."

"పోస్టులో ఏదీ రాలేదా? బాగా గుర్తు తెచ్చుకోండి."

"రాలేదు మేడం."

"సంతకం పెట్టి తీసుకున్నది ఏదీ లేదు?"

"దేవుని తోడు, ఏదీ తీసుకోలేదు."

నేను అబద్ధం చెబుతున్నానని నాకు తెలియనే తెలియదు. ఇది ఎవరైనా నమ్ముతారో లేదో. తీసుకోలేదంటే రాలేదనే నా బుద్ధికి అంత కాలం అర్థం. ఆ మూడు కవర్లు గుర్తు రాలేదని కాదు, అవి సాక్షి కాగితాలని నా లెక్క. వాటి సంగతి ఎత్తితే ఆ హత్య సంగతి ఎత్తాలి. కోర్టు గదిలో కూర్చుని ఆ మాట ఎత్తుతానా?

ఆమె అర్జీ రాసింది, కింద నాయన ప్రమాణం చేసినట్టు ఇంకొక కాగితం. "నాకు గాని, మా ఇంటిలోని వారికి గాని ఎటువంటి నోటీసూ రాలేదు." అది తీసుకుని ఇంటికొచ్చాను. నాయన ఆ కాగితాన్ని ముట్టుకోవడానికే అరగంట పట్టింది. అన్నేళ్ళలో ఆయన ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.

"నమ్మొచ్చునా పాపా?"

"నమ్ము నాయనా. ఆమె పైసా అడగలేదు, పార్టీ అడగలేదు."

వణికే చెయ్యిని ఎడమ చేత్తో పట్టుకుని, అక్షరం అక్షరంగా పేరు రాశాడు. అమ్మ దీపం దగ్గరగా జరిపింది. చాలా రోజుల తర్వాత ఆ పూట ముగ్గురం కూర్చుని తిన్నాం.

గడువు ఇంకా ఉండగానే లాయరమ్మ నన్ను ప్రొద్దుటూరు రమ్మంది. సొసైటీ ఆఫీసులో ఫైలు చూసి, అక్కడి నుంచే అర్జీ వేద్దామని. తన బస్సు చార్జీ తనే పెట్టుకుని వచ్చింది. వేలం వేసిన ఆఫీసరే ఫైలు తెప్పించాడు. పుట తర్వాత పుట ఆమె తిప్పుతుంటే నేను పక్కన కుర్చీలో కూర్చుని, ఇల్లు వస్తే చీలిన రాయి మార్పించాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. అంత ధీమాగా ఉన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. ఫైలుకు గుండుసూదితో గుచ్చిన మూడు కవర్లు. మూడూ అతికించినవి అతికించినట్టే ఉన్నాయి. పైన మూలన సొసైటీ పేరు, ప్రొద్దుటూరు అని కొట్టొచ్చినట్టు ముద్ర. మొదటి కవరు మీద మా పోస్టుమాన్ మామ చేతిరాత, ఊళ్ళో లేరు. రెండో దాని మీద, ఇంట్లో లేరు. మూడో దాని మీద, కూతురు తీసుకోనన్నది.

లాయరమ్మ నా వైపు తిరిగింది. కోపం లేదు ఆమె మొహంలో, ఉంటే బాగుండేది.

"ఈ కూతురు మీరేనా?"

"నేనే మేడం. సాక్షి సమన్లనుకున్నాను. మేము ఏదీ తీసుకోం. మా వీధిలో ఎవరూ తీసుకోరు."

"వద్దని తిప్పి పంపినా చట్టానికి అందినట్టేనండీ."

అన్నేళ్ళూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడిందంతా వట్టిదేనని ఆ ఒక్క మాటతో తేలిపోయింది. ఆఫీసరు పాపం మంచివాడే. "చూస్తారా అమ్మా లోపల ఏముందో" అని సూదితో కవర్లు చించి ఇచ్చాడు. మొదటి దాంట్లో బాకీ లెక్క. మూడో దాంట్లో వేలం వేస్తామన్న హెచ్చరిక. రెండో దాంట్లో బాకీ కాగితానికి తోడు పచ్చ రంగు చీటీ ఒకటి ఉంది. నేను దాన్ని చదివాను. వాకిట్లో నిలబడి చదవాల్సింది ఆ కుర్చీలో కూర్చుని చదివాను.

జమ్మలమడుగు కోర్టు ఆవరణలో ఆదివారం లోక్ అదాలత్ జరుగుతుందని అందులో ఉంది. వచ్చి రాజీ చేసుకున్నవాళ్ళకు వడ్డీ మాఫీ. మిగిలింది చిన్న చిన్న వాయిదాలు, మొదటిది ఆర్నెల్ల తర్వాత. కింద గీత గీసి, వకీలును పెట్టుకోలేని వారికి అక్కడే ఉచితంగా వకీలును ఇస్తారని. అంటే సాయం మా వాకిటి దాకా తనే నడిచి వచ్చింది. దాన్ని తెచ్చిన మనిషిని 'తెల్దు మామా' అని నేను పంపేశాను.

లాయరమ్మ నాయన సంతకం చేసిన కాగితాన్ని మడిచి నా చేతిలో పెట్టింది. "ఇది నేను వేయకూడదండీ. మీ నాన్నగారి చేత అబద్ధపు ప్రమాణం చేయించినట్టవుతుంది. వేసినా నిలవదు" అంది. నన్ను అక్కడే కూర్చోబెట్టి, తను లోపలికి పోయి ఆఫీసరుతో చాలాసేపు వాదించింది. బయటికి వచ్చి, ఖాళీ చేయడానికి ఇంకొక నెల అడిగి తీసుకున్నానని చెప్పింది. అంత నిజాయితీగా, పైసా ఆశించకుండా చేసే మనిషిని నేను నా జన్మలో చూడలేదు. ఆమెను నమ్మడానికి మాకు ఎంత కాలం పట్టింది! నమ్మేనాటికి ఆమె చేయగలిగింది ఆ నెల రోజులే.

బస్టాండులో నాకు టీ ఇప్పించి, "మీ ఊళ్ళో అందరికీ చెప్పండి. కాగితం తీసుకుని చదవమనండి, చాలు" అంది. చెబుతానన్నాను. మా వీధిలో ఒక్కరికి కూడా చెప్పలేదు. చెప్పాలంటే ఆ కవర్ల సంగతి చెప్పాలి. ఇంట్లో కూడా, అర్జీ పని కాలేదు, నెల గడువే దొరికిందని మాత్రం చెప్పాను.

నెల తిరిగాక, ఖాళీ చేసే రోజు పొద్దున్నే అమ్మ చీర ఎగ్గట్టి ఇల్లంతా కడిగింది. "వాడి కోసం కడుగుతావేంది మా? పెంట పోసి పోదాం రా" అని అరిచాను. ఆమె తల ఎత్తలేదు. "మాసిన ఇల్లు ఒకరి చేతికిస్తే నాకు సిగ్గు" అని, పొయ్యి ముందర చీలిన రాయిని కొబ్బరి పీచుతో రుద్దుతూనే ఉంది. మంచాలు, నాయన పంపు, పాత రెంచీల డబ్బా ఒకే ఒక ఎద్దులబండికి సరిపోయాయి. ఊరి రెండో చివర ఒక రేకుల గదిలో బాడిగకు దిగాం.

ఆ గదిలో మొదటి వారమే నాయన నన్ను దగ్గరికి పిలిచాడు. మంచం మీద కూర్చుని, వణికే చేతుల్ని తొడల కింద పెట్టుకుని ఉన్నాడు. అమ్మ నీళ్ళకు పోయింది.

"పాపా, ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. ఆ యాడాది నువ్వు తిప్పి పంపిన కవర్లు మూడు ఉండాయి సూడు. అవి సొసైటీవి కాదు గదా?"

ఇన్ని రోజులూ ఆయన ఇదే తలచుకుంటున్నాడు. నన్ను అడగడానికి అమ్మ లేని వేళ కోసం చూశాడు. అవునంటే ఆయన నన్ను ఒక్క మాట అనడని నాకు తెలుసు. తనను తనే తినేస్తాడు. దాక్కున్నది తను కదా.

"కాదు నాయనా. అన్నీ సాక్షి కాగితాలే. నేను చూసినా. సొసైటీ వాళ్ళు మనకు నోటీసే పంపలేదు."

చేతులు తొడల కింద నుంచి బయటికి తీశాడు.

"అనుకున్నా. దొంగ నా కొడుకులు, చెప్పకుండా అమ్మినారు. పోతే పోనీలే మా. ఇల్లు పోయింది గాని నువ్వు మనిషిని కాపాడినావు."

ఆ తర్వాత ఆయన ఆరేళ్ళు బతికాడు. ఆ రేకుల గదికి ఎవరు వచ్చినా, పాస్టరయ్యగారైనా, చిన్నమ్మైనా, దారిన పోయే పాత సైకిలు గిరాకీ అయినా, కూర్చోబెట్టి అదే చెప్పేవాడు. సొసైటీ వాళ్ళు మోసం చేశారని, మూడుసార్లు చావు కాగితం వస్తే తన కూతురు వాకిట్లోనే నిలబెట్టి తిప్పి పంపిందని. చెబుతూ నా వైపు చూసి నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఆయన సంతకం పెట్టిన ఆ ప్రమాణం కాగితం నా ట్రంకు పెట్టెలో ఇప్పటికీ ఉంది. ఎటువంటి నోటీసూ రాలేదని, వంకర అక్షరాలతో ఆయన పేరు. ఆ మాట నిజమని నమ్మే ఆయన పోయాడు.